అంతస్తు ఎక్కినవాడు పొడుగువాడు కాడు

సూరత్‌లో పొడుగు మనిషిని 'ఊంచో' అంటారు. ఎత్తయిన మేడకూ, కొండకూ అదే మాట. కులం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే మాట ఎదురవుతుంది: 'ఊంచీ జాతి', దానికి ఎదురుగా 'నీచీ జాతి'. లింబాయత్‌లోనో ఉధనాలోనో పెరిగే మన పిల్లలు వీధిలో గుజరాతీ, హిందీ వింటారు. ఇంట్లో తెలుగు వింటారు. ఈ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది కాబట్టి కొందరు తెలుగులోనే చదువుకుంటారు. మూడు భాషల మధ్య పెరిగే ఈ పిల్లలకు మూడు భాషలూ కలిసి నేర్పే పాఠం ఒకటుంది: మనుషుల్లో కొందరు పుట్టుకతోనే పైన ఉంటారు, కొందరు కింద ఉంటారు.

గుజరాతీని తప్పు పట్టి మన తెలుగును వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. తెలుగులో ఒంటికి పొడుగు, పొట్టి అనే మాటలు వేరుగా ఉన్నాయి. కులానికి మనం వాడేది ఎక్కువ, తక్కువ. 'ఎక్కు' నుంచి వచ్చిందే ఎక్కువ. 'తగ్గు', 'తక్కువ' ఒకే కుదురువి. అంటే మన భాషలో కూడా ఒకడు ఎక్కి కూర్చున్నాడు, ఇంకొకడు దిగి నిలబడ్డాడు. ఎవరు ఎక్కారు, ఎవరి భుజాల మీద ఎక్కారు అన్నది మాత్రం ఆ మాట చెప్పదు. చెప్పకుండా దాస్తుంది కాబట్టే అది అంత కాలం బతికింది.

మగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుంచి ఈ ఊరు వచ్చిన తెలుగువాళ్లలో ధమ్మ మార్గం పట్టినవాళ్లం మేము. త్రిశరణాలు చెప్పుకున్నాం. 22 ప్రతిజ్ఞలు చేశాం. వాటిలో తొమ్మిదవది మనుషులందరూ సమానమన్న నమ్మకం, పదవది ఆ సమానత్వం కోసం పాటుపడతామన్న మాట. ఇళ్లల్లో పటాలు మార్చాం. పెళ్లి తంతు మార్చాం. కానీ నాలుక మీది మాట మార్చలేదు. విహారం నుంచి బయటికి వచ్చిన పది నిమిషాలకే 'వాళ్లు పై కులపోళ్లు', 'మనం తక్కువ కులం నుంచి వచ్చినోళ్లం' అంటున్నాం. మన పత్రికల్లో మనమే 'అగ్రవర్ణాలు', 'నిమ్న కులాలు' అని అచ్చు వేస్తున్నాం. ఈ అలవాటు మీదనే మా పోరు.

మాటలదేముంది, బతుకు మారాలి గానీ అనేవాళ్లున్నారు. వాళ్లు ఒక్కసారి ఈ మాటల పుట్టుక చూడాలి. ఋగ్వేదంలోని పురుష సూక్తం సమాజాన్ని నిలువుగా నిలబెట్టిన ఒక ఒంటిగా చూపింది. ముఖం నుంచి బ్రాహ్మణుడు, చేతుల నుంచి క్షత్రియుడు, తొడల నుంచి వైశ్యుడు, పాదాల నుంచి శూద్రుడు. అంటరానివారికి ఆ ఒంట్లో చోటే లేదు. మనిషి చేసిన ఏర్పాటును ఒంటి నిర్మాణంగా చూపించిన తొలి మోసం ఇదే. పాదం తల మీదికి పోలేదు కదా, శూద్రుడు మాత్రం ఎలా పోతాడు అని అడగడానికి దీనితో దారి దొరికింది.

ఆ మోసాన్ని శాసనంగా మార్చింది మనుస్మృతి. ఎనిమిదో అధ్యాయం 281వ శ్లోకం చూడండి. తక్కువ పుట్టుక పుట్టినవాడు ఎక్కువ పుట్టుకవాడితో సమానమైన ఆసనం మీద కూర్చోబోతే నడుము మీద వాత పెట్టి దేశం నుంచి వెళ్లగొట్టాలట, లేదా పిరుదు కోయించాలట. కూర్చునే పీట ఎత్తుకే ఇంత శిక్ష. ఇవాళ కూడా ఒక విషయాన్ని గౌరవిస్తే 'పెద్దపీట వేశారు' అంటాం. అవమానిస్తే 'చిన్నచూపు చూశారు' అంటాం. పరువు పోతే 'తలవంపులు' అంటాం. హోదాకు 'అంతస్తు' అంటాం. పీట, చూపు, తల, మేడ. ఇంత మాట కూడా ఎత్తు కొలవకుండా మనకు పలకడం రాదు. తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని, తలపాగా తీసి, వంగి నడిచిన తాతల మనవలం మనం. ఎత్తు మన దగ్గర ఎప్పుడూ ఉత్త మాట కాదు, ఆజ్ఞ.

ఇక సూరత్ సంగతి. ఈ జిల్లా పల్లెల్లో ఒక ఆదివాసీ సమూహం ఉంది. వాళ్లను తరతరాలుగా 'దూబళా' అని పిలిచారు. గుజరాతీలో ఆ మాటకు బక్కవాడు, బలం లేనివాడు అని అర్థం. పెళ్లి ఖర్చుకు భూస్వామి దగ్గర తెచ్చిన అప్పుతో వాళ్ల వెట్టి మొదలయ్యేది. తీరని ఆ అప్పు కింద మగవాడు పొలంలో, ఆడమనిషి ఆ ఇంటి పనిలో జీవితమంతా ఉండిపోయేవారు. కొడుకుకు కూడా అదే బతుకు. దీన్ని హాళీ పద్ధతి అన్నారు. భూస్వాముల్లో అనావిల్ బ్రాహ్మణులు ముఖ్యులు. యజమానిని 'ధణియామో' అనేవారు, ధనం కలవాడని. ఒకడికి సొమ్మును బట్టి పేరు, ఇంకొకడికి ఎండిన ఒంటిని బట్టి పేరు. ఆ ఒంటిని ఎండబెట్టింది ఎవరన్నది ఏ పేరులోనూ లేదు. కూలి గింజలు సరిగా కొలవనివాడే వీణ్ని బక్కవాడన్నాడు. లోకం ఆ పేరునే ఖాయం చేసింది. గుజరాత్ షెడ్యూల్డు తెగల జాబితాలో నేటికీ ఆ పేరు అచ్చులో ఉంది.

తెలుగువాళ్లం మనం 'అయ్యో' అని పక్కకు తిరగడానికి లేదు. 1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం దేశంలోని వెట్టి పద్ధతుల పేర్లన్నీ ఒక వరసలో చెప్పింది. అందులో సూరత్ వైపు 'హాళీ' ఉంది. అదే వరసలో మన 'పాలేరు' ఉంది, 'జీతా' ఉంది, నిజాం తెలంగాణ 'భాగేలా' ఉంది, 'వెట్టి' ఉంది. హాళీ మన పాలేరుకు అన్నదమ్ముడే. పేరు విషయంలోనూ అంతే. గుజరాతీ 'దూబళా'కు తెలుగులో అచ్చమైన జోడు మాట ఏది? 'బడుగు'. బక్కచిక్కినవాడు, బలం లేనివాడు. ఏ పార్టీ సభకు పోయినా, ఏ ప్రభుత్వ ప్రకటన చదివినా 'బడుగు బలహీన వర్గాలు' అని వినిపిస్తుంది. మన నాయకులు దాన్ని మైకులో ఊగిపోతూ పలుకుతారు, మనం చప్పట్లు కొడతాం. మనల్ని బక్కవాళ్లని పిలిచినందుకు మనమే చప్పట్లు కొట్టడం విడ్డూరం కాదా?

పేరు పైకి లాగితే సరిపోతుందని అనుకున్నవాళ్లూ ఉన్నారు. గాంధేయులు దూబళాలకు 'హళపతి' అని కొత్త పేరు పెట్టారు. నాగలికి అధిపతి అని. పేరు ఘనంగా ఉంది. నాగలి వచ్చిందా, నాగలి దున్నే నేల వచ్చిందా? దక్షిణ గుజరాత్‌లో హళపతుల్లో ఎక్కువమంది నేటికీ భూమి లేని కూలీలే. అంటరానివారికి 'హరిజన' అని పేరు పెట్టిందీ ఇదే దయ. 1938 జనవరిలో బొంబాయి శాసనసభలో స్థానిక సంస్థల చట్ట సవరణలోకి ఆ పేరును తెచ్చినప్పుడు బాబాసాహెబ్, ఆయన స్వతంత్ర కార్మిక పార్టీ సభ్యులు వద్దన్నారు. వినకపోతే సభ నుంచి బయటికి నడిచారు. సూరత్ జిల్లా అప్పుడు బొంబాయి ప్రావిన్సులోనే ఉంది. తక్కువ పేరు పెట్టే హక్కు వాళ్లకు ఎలా లేదో, గొప్ప పేరు దానం చేసే హక్కు కూడా వాళ్లకు అలాగే లేదన్నది ఆ నడక చెప్పిన పాఠం.

మన తెలుగు నేల మీద ఈ పని అంతకంటే ముందే మొదలైంది. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో జనం కూడారు. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. నాలుగు వర్ణాల తరవాత అయిదో లెక్కగా మమ్మల్ని చేర్చడమేమిటని ఆ సభ ఆ పేరును తోసేసింది, ఆది ఆంధ్ర సభగా నిలిచింది. 'ఆది' సంగతి నేడు వేరే చర్చ. మనకు కావలసింది ఆ తెగువ. ఎవరో వేసిన వరసలో మా అంకె మేం ఒప్పుకోం అన్నారు. 1931లో బాబాసాహెబ్ కూడా రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి ఇచ్చిన పత్రంలో 'అణగారిన వర్గాలు' అన్న పేరు మార్చమని అడిగారు. రాజ్యాంగంలో ఎస్సీ, ఎస్టీలకు నిలిచిన మాట 'షెడ్యూల్డు'. షెడ్యూలు అంటే జాబితా. జాబితాకు ఎత్తూ లేదు, లోతూ లేదు.

తథాగతుడు ఈ ప్రశ్నను రెండు వేల అయిదు వందల ఏళ్ల కిందటే తేల్చాడు. సుత్త నిపాతంలోని వాసెట్ఠ సుత్తంలో ఇద్దరు బ్రాహ్మణ యువకులు పుట్టుక గొప్పా, నడత గొప్పా అని వాదించుకుని ఆయన దగ్గరికి వస్తారు. గడ్డికీ చెట్టుకీ, పురుగుకీ పాముకీ, చేపకీ పక్షికీ జాతిని బట్టి ఒంటి మీద గుర్తులుంటాయి, మనుషుల్లో అలాంటి గుర్తు లేదు అన్నది ఆయన జవాబు సారం. జుట్టు నుంచి పాదం దాకా వెతికి చూపించాడు. తేడా ఉన్నది పిలుపులో, లోక వ్యవహారంలో అన్నాడు. అంటే కులం ఒంట్లో లేదు, మాటలో ఉంది. కాబట్టి మాటలదేముంది అనేవాడు బౌద్ధుడిగా మాట్లాడటం లేదు. అస్సలాయన సుత్తంలో పురుష సూక్తానికీ జవాబుంది. బ్రాహ్మణ స్త్రీలు కూడా ముట్టవుతున్నారు, గర్భం ధరిస్తున్నారు, కని పాలిస్తున్నారు, మరి ఆ పిల్లలు బ్రహ్మ నోటి నుంచి పుట్టారనడం ఎలా అని బుద్ధుడు సూటిగా అడిగాడు.

ఆ వెతుకులాటను నిన్నమొన్నటి శాస్త్రం కూడా చేసింది. రిస్లీ అనే ఇంగ్లీషు అధికారి ముక్కుల కొలతలు తీసి కులాల వరస ఒంట్లోనే ఉందని చెప్పబోయాడు. 1948లో వచ్చిన 'అంటరానివారు' గ్రంథంలో బాబాసాహెబ్ అలాంటి కొలతలనే చేతిలోకి తీసుకుని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి మనుషులని తేల్చారు. కొలబద్ద వాళ్లదే, తీర్పు మనది.

మన ఒళ్లలో నిజంగా తేడా ఉంటే అది ఆకలి పెట్టిన తేడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గుజరాత్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 39 శాతం మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. తెలంగాణలో 33 శాతం. దేశం మొత్తం మీద ఎస్సీ, ఎస్టీ పిల్లల్లో ఈ లోటు తక్కినవారి కంటే ఎక్కువ. కులానికి ఎత్తు లేదు. కానీ కులం మన పిల్లల ఎత్తును తినేస్తుంది. తిన్న తరవాత 'చూశారా, బక్కవాళ్లు' అంటుంది. దూబళా కథ పాత కథ కాదు.

ఇద్దరు పొట్టివాళ్ల గురించి కూడా చెప్పాలి. ఒకడు వామనుడు. భాగవతం లెక్కన బలి చక్రవర్తి యాగం చేసింది నర్మద ఒడ్డున భృగుకచ్ఛంలో. అంటే నేటి భరూచ్, సూరత్‌కు పక్క జిల్లా. వామనుడు పొట్టివాడుగా వచ్చి, చేయి చాచి, పుచ్చుకున్నాక ఆకాశం దాకా పెరిగి, ఇచ్చినవాడి తల మీద కాలు పెట్టాడు. జ్యోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' రాస్తూ ఆ బలిని రైతుల రాజుగా నిలబెట్టారు. మన బడుల్లో మాత్రం వామనుడు పెరిగిన తీరును పోతన పద్యంతో కంఠతా పట్టించి మురిసిపోతారు. ఎవరి తల మీదికి పెరిగాడని ఏ పిల్లవాడూ అడగడు.

రెండోవాడు లకుంటక భద్దియ థేరుడు. సంఘంలో అందరికంటే పొట్టి, చూపుకు ఆనడు. తోటి భిక్షువులే ఆయన్ను తక్కువగా చూశారు. బుద్ధుడు దూరం నుంచి వస్తున్న ఆయన్ను చూపించి, ఈ భిక్షువు మహా శక్తిమంతుడు, సాధించవలసింది సాధించినవాడు అని వాళ్లకు చెప్పాడు. మధుర స్వరం కలవారిలో ఆయనే మొదటివాడని కూడా మెచ్చుకున్నాడు. పిట్ట కొంచెం కూత ఘనం అన్న మన సామెత ఆయనకు సరిగ్గా సరిపోతుంది. ఆయన పెరగలేదు. పెరగవలసిన పని పడలేదు. ఒకడు ఎత్తు పెరిగి ఇంకొకడిని తొక్కాడు, ఇంకొకడు ఉన్న ఎత్తులోనే ఉండి అర్హంతుడయ్యాడు. మన పిల్లలకు ఈ ఇద్దరిలో ఎవరి కథ చెబుతున్నాం?

మాకు ఎదురయ్యే అభ్యంతరాలు రెండు. మొదటిది: బాబాసాహెబే నిచ్చెనమెట్ల అసమానత అన్నారు కదా, పైన కింద అనకుండా కులాన్ని ఎలా వివరిస్తాం? నిజమే. 1920 జనవరి 31న వచ్చిన 'మూక్‌నాయక్' తొలి సంచికలో ఆయన హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చారు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి అన్నారు. కానీ అక్కడ ఎత్తు మేడది, మనిషిది కాదు. నాలుగో అంతస్తు కిటికీలో నిలబడ్డవాడు పొడుగువాడు కాడు. మేడ కూలిస్తే అందరి కాళ్లూ నేల మీదనే ఉంటాయి. మేడ గురించి మాట్లాడండి, ఎవరు కట్టారో, ఎవరు మెట్లు కట్టనివ్వలేదో చెప్పండి. మేడ ఎత్తును మనిషికి అంటగట్టకండి.

రెండోది: పాళీ గ్రంథాల్లో కూడా ఉచ్చ కులం, నీచ కులం అన్న మాటలున్నాయి కదా? ఉన్నాయి. పుట్టుకను పాత కర్మకు ముడిపెట్టే చోట్లు కూడా ఉన్నాయి. లోకం వాడిన మాట గ్రంథంలోకి వచ్చింది. అందుకే 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ గత జన్మ కర్మ నేటి పుట్టుకను నిర్ణయిస్తుందన్న వాదాన్ని తోసేశారు. మనం ఆయన చేతి నుంచి ధమ్మం తీసుకున్నవాళ్లం. వాసెట్ఠ సుత్తం చేతిలో ఉండగా ఇంకో మూల నుంచి 'నీచ' అన్న మాట ఏరుకోవడం దేనికి?

మరి ఏ మాట వాడాలి? చేసిన పనిని చెప్పే మాట వాడాలి. 'అగ్రకులం' కాదు, ఆధిపత్య కులం. 'నిమ్న కులం' కాదు, అణచబడిన కులం. 'అణగారిన' అన్నా కూడా ఏదో దానంతట అదే అణిగిపోయినట్టుంది, అణచినవాడు తప్పించుకున్నాడు. 'వెనుకబడిన' అన్నదీ అంతే. మనం నడవలేక వెనక పడలేదు, మనల్ని వెనక్కి నెట్టారు. సర్టిఫికెట్ మీద సర్కారు ఏం రాసినా మన నోట్లో, మన పత్రికలో మాట మనది. 'దళిత' అన్న మాటను మేము వదలమనడం లేదు. విరగ్గొట్టబడినవాడు అంటే విరగ్గొట్టినవాడు ఒకడున్నాడని అందులోనే ఉంది.

ఈ దిద్దుబాటు మన మధ్య నుంచే మొదలుకావాలి. మాల ఎక్కువా మాదిగ ఎక్కువా అన్న లెక్క, నేసేవాళ్లం మేము వాళ్లకంటే మెరుగన్న లెక్క రైలెక్కి మనతో పాటే సూరత్ వచ్చింది. పెళ్లి బయోడేటా తీసి చూడండి. ఎత్తు ఇన్ని అడుగులు, రంగు చామనఛాయ, ఆ పక్కనే కులం. దీక్ష తీసుకున్న ఇళ్ల బయోడేటాల్లో కూడా ఆ గడి ఖాళీగా లేదు. ఎత్తూ రంగూ ఒంటివి. వాటి పక్కన కులం రాసినప్పుడల్లా అది కూడా ఒంటిదేనని మనమే సంతకం పెడుతున్నాం. ఆ గడి కొట్టేయండి. మొదటి పని అదే.

ఇదంతా చిన్న విషయమని ఎవరైనా అంటే గుజరాత్‌లోని మెహసాణా జిల్లా ల్హోర్ గ్రామాన్ని గుర్తు చేస్తాం. 2019 మేలో అక్కడ ఒక దళిత వరుడు గుర్రమెక్కి ఊరేగాడు. అందుకు ఊరు దళితులందరినీ వెలివేసింది. గుర్రం వీపు మనిషిని నాలుగైదు అడుగులు పైకి లేపుతుంది. ఆ నాలుగైదు అడుగులను ఊరు ఓర్చుకోలేదు. 'మేము పైన, మీరు కింద' అన్న మాటను నిజమని నమ్మిన ఊరు, కింద ఉండవలసినవాడు పైన కనిపిస్తే రాయి ఎత్తుతుంది. ఆ మాటను మనం కూడా పలుకుతున్నంత కాలం ఆ రాయికి మన వంతు బరువు కూడా కలుస్తుంది.

ఉపోసథ దినాన అష్టశీలాలు తీసుకునేవాళ్లం ఎత్తయిన, ఆడంబరమైన పడకలు వదిలేస్తామని చెప్పుకుంటాం. ఆ రోజు అందరం చాప మీదనే. విహారంలో నేల మీద వరసగా కూర్చున్నప్పుడు ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో చెప్పడానికి అక్కడ ఏ పీటా లేదు. శాక్య రాజకుమారులు తమ గర్వం అణగాలని మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇప్పించి, ఆయనకు వందనం చేసిన సంఘం మనది. ఆ చాప మీద కూర్చున్న నోటితోనే ఇంటికి రండి. పిల్లవాడు 'ఊంచీ జాతి అంటే ఏమిటి?' అని అడిగితే, అలాంటి జాతి లేదు, ఎత్తు కుర్చీ లాక్కుని కూర్చున్నవాళ్లు ఉన్నారు అని చెప్పండి. కుర్చీని ఎలా కిందికి దించాలో వాడే తరవాత అడుగుతాడు.